కీలు మార్చే ముందు ఇనుము లెక్క

అందరికీ నమస్కారం.

ఒక రక్తపరీక్ష రిపోర్టుతో మొదలుపెడదాం. మోకాలి కీలు మార్పిడికి తేదీ ఖాయమైన 62 ఏళ్ల మహిళ అనుకోండి. హెమోగ్లోబిన్ 9.4. ఎర్రకణం సగటు పరిమాణం, అదే ఎంసీవీ, 64. అది 80 నుంచి 100 మధ్య ఉండాలి. ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెర్రిటిన్ 85. ల్యాబు హద్దుల్లోనే ఉంది కాబట్టి ఫెర్రిటిన్ పక్కన ఏ గుర్తూ పడలేదు. "ఇనుముకు లోటు లేదు, థలసీమియా మైనర్ అయ్యుంటుంది, ఆపరేషన్ రోజుకు రెండు యూనిట్ల రక్తం సిద్ధంగా ఉంచుదాం" అనుకుని ఫైలు మూసేస్తారు. థలసీమియా మైనర్ అంటే హెమోగ్లోబిన్ తయారీలో పుట్టుకతో ఉండే తేలికపాటి లోపం. రక్తంలో ఇనుమును మోసే ప్రొటీన్ ఎంత శాతం నిండిందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ శాచ్యురేషన్ ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే 4 శాతం అని వచ్చేది.

ఫెర్రిటిన్ 85, శాచ్యురేషన్ 4 శాతం. ఈ రెండు అంకెలు ఒకే మనిషిలో ఎలా ఉంటాయన్నదే ఇవాళ్టి విషయం. పుట్టుకతో వచ్చే ఒక అరుదైన జబ్బులో ఇవి ఇలా కలిసి ఉంటాయి. దాన్ని ఐరిడా అంటారు. ఇనుము మాత్రలకు లొంగని, వంశపారంపర్యంగా వచ్చే ఇనుము లోపపు రక్తహీనత అని అర్థం. ఇంత అరుదైన జబ్బుకు ఎముకల డాక్టర్ల ముందు ఇంతసేపు ఎందుకు అని మీకు అనిపించవచ్చు. కారణం ఉంది. మోకాలో తుంటో మార్చిన ప్రతి మనిషీ ఆ తర్వాత కొన్ని వారాలపాటు ఐరిడా రోగిలాగే ప్రవర్తిస్తాడు. ఇది అర్థమైతే ఇనుము ఎప్పుడు ఇవ్వాలి, ఎప్పుడు ఇచ్చినా దండగ అనేది దానంతట అదే తేలిపోతుంది.

ముందు లెక్క చూద్దాం. పెద్దవాళ్ల ఒంట్లో ఇనుము మొత్తం 3 నుంచి 4 గ్రాములు. ఒక మేకు బరువంత కూడా ఉండదు. అందులో మూడింట రెండు వంతులు హెమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. ఆహారం నుంచి రోజుకు లోపలికి వచ్చేది 1 నుంచి 2 మిల్లీగ్రాములు, చర్మం, పేగుల పొరల నుంచి రాలిపోయేదీ దాదాపు అంతే. అయితే కొత్త ఎర్రకణాల తయారీకి మూలుగకు రోజుకు 20 నుంచి 25 మిల్లీగ్రాములు కావాలి. మిగతాది ఎక్కడినుంచి వస్తుంది? ముసలి ఎర్రకణాలను ప్లీహంలో, కాలేయంలో ఉండే మాక్రోఫేజ్ కణాలు మింగి, వాటిలోని ఇనుమును తిరిగి రక్తంలోకి వదులుతాయి. అంటే మూలుగ బతుకు ప్రధానంగా పాత ఇనుము మీదే. తిండి వాటా చాలా చిన్నది.

ఆ ఇనుము మాక్రోఫేజ్ నుంచి బయటికి రావాలన్నా, పేగు కణం నుంచి రక్తంలోకి దాటాలన్నా ఉన్న తలుపు ఒక్కటే. దాని పేరు ఫెర్రోపోర్టిన్. ఆ తలుపును మూసేది హెప్సిడిన్ అనే చిన్న ప్రొటీన్, 25 అమైనో ఆమ్లాల గొలుసు. కాలేయం తయారుచేస్తుంది. 2000, 2001 సంవత్సరాల్లో దీన్ని మొదట గుర్తించినవాళ్లు బాక్టీరియాను చంపే పదార్థంగా చూశారు. పేరు కూడా దాన్నిబట్టే వచ్చింది. అది ఫెర్రోపోర్టిన్‌కు అతుక్కుని దాన్ని కణం లోపలికి లాగించి నాశనం చేయిస్తుందని 2004లో తేలింది. హెప్సిడిన్ ఎక్కువగా ఉంటే పేగులో మాత్ర కరిగినా ఆ ఇనుము పేగు కణంలోనే ఉండిపోయి, రెండు మూడు రోజుల్లో ఆ కణం రాలిపోయినప్పుడు మలంతో పోతుంది. మాక్రోఫేజ్‌లోని ఇనుము మాక్రోఫేజ్‌లోనే మగ్గుతుంది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు.

ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఇనుము తగ్గినప్పుడు కాలేయం హెప్సిడిన్ తయారీ ఆపేయాలి. అలా ఆపే యంత్రాంగంలో ముఖ్యమైనది మాట్రిప్టేజ్-2 అనే ఎంజైము. కాలేయ కణం పైపొర మీద హెమోజువెలిన్ అనే ప్రొటీన్ ఉంటుంది, అది "హెప్సిడిన్ చెయ్యి, చెయ్యి" అని సంకేతం పంపుతూ ఉంటుంది. మాట్రిప్టేజ్-2 దాన్ని కత్తిరించేస్తుంది. సంకేతం తగ్గుతుంది, తలుపు తెరుచుకుంటుంది. ఈ ఎంజైమును రాసే జన్యువు 22వ క్రోమోజోము మీద ఉన్న టీఎంపీఆర్‌ఎస్‌ఎస్6. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు ప్రతులూ చెడిపోతే కత్తెర ఉండదు. ఒంట్లో ఇనుము అడుగంటినా కాలేయం హెప్సిడిన్ చేస్తూనే ఉంటుంది. ఇది 2008లో బయటపడింది, అదీ ఒకే ఏడాది రెండు వైపుల నుంచి. ఒక వైపు మాత్రలకు లొంగని రక్తహీనత ఉన్న కుటుంబాల జన్యువులు. ఇంకో వైపు ఒళ్లంతా వెంట్రుకలు రాలిపోయి ముఖం మీద మాత్రమే మిగిలిన ఎలుక. ముసుగు వేసినట్టు కనిపించడంతో దానికి మాస్క్ అని పేరు పెట్టారు. జబ్బు వర్ణన అంతకు చాలా ముందే, 1981లో, ఒకే కుటుంబంలోని ముగ్గురు తోబుట్టువుల్లో వచ్చింది. కారణం దొరకడానికి 27 ఏళ్లు పట్టింది.

ఇప్పుడు మన రిపోర్టు దగ్గరికి వద్దాం. ఐరిడాలో కణాలు చాలా చిన్నవి, ఎంసీవీ 60ల్లో, ఒక్కోసారి 50ల్లో కూడా. శాచ్యురేషన్ తరచుగా 5 శాతం కంటే తక్కువ. ఫెర్రిటిన్ మాత్రం తక్కువగా కాకుండా మామూలుగా ఉంటుంది, రక్తనాళం ద్వారా ఇనుము ఎక్కించి ఉంటే ఎక్కువగా కూడా ఉంటుంది. మామూలు ఇనుము లోపంలో ఫెర్రిటిన్ 15, 20లోకి పడిపోతుంది. థలసీమియా మైనర్‌లో శాచ్యురేషన్ మామూలుగానో ఎక్కువగానో ఉంటుంది. డీఎంటీ1 అనే ఇంకో రవాణా ప్రొటీన్ పుట్టుకతో చెడిపోయినా కణాలు చిన్నగానే ఉంటాయి, కానీ అక్కడ శాచ్యురేషన్ ఎక్కువ, కాలేయంలో ఇనుము పేరుకుంటుంది. చూశారా, ఈ నాలుగింటినీ విడదీయాలంటే ఫెర్రిటిన్‌తో పాటు శాచ్యురేషన్ కూడా చూడాల్సిందే. ఎంసీవీని ఎర్రకణాల సంఖ్యతో భాగించే మెంట్జర్ సూచిక మీద మాత్రమే ఆధారపడి థలసీమియా అని రాసేయకండి. హెమోగ్లోబిన్‌లో ఒక రకమైన హెచ్‌బీఏ2 3.5 శాతం దాటితే బీటా థలసీమియా మైనర్ అనుకోవచ్చు, అయితే ఇనుము బాగా తగ్గినప్పుడు ఆ అంకె కిందికి జారి మోసం చేస్తుంది. శాచ్యురేషన్‌కు రక్తం పొద్దున పరగడుపున తీయాలి. ముందు రోజు ఇనుము మాత్ర వేసుకుని ఉంటే ఆ అంకెకు విలువ లేదు.

నాలుగో అంకె సీఆర్‌పీ, ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్లలో వాపు వల్ల ఐఎల్-6 అనే సంకేత ప్రొటీన్ పెరిగి, అదే హెప్సిడిన్‌ను పెంచి, అదే తలుపును మూస్తుంది. ఫెర్రిటిన్ మామూలుగా, శాచ్యురేషన్ తక్కువగా అక్కడా కనిపిస్తుంది. కానీ అక్కడ ఎంసీవీ సాధారణంగా 60ల్లోకి దిగదు, సీఆర్‌పీ పెరిగి ఉంటుంది. సీఆర్‌పీ మామూలుగా ఉండి, అరుగుదల మోకాలు మాత్రమే ఉన్న మనిషికి శాచ్యురేషన్ 4 వస్తే వాపు మీద నెపం వేయడం కుదరదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ వయసులో ఇనుము లోపం కనబడగానే అరుదైన జన్యువు వైపు పరుగెత్తకండి. కీళ్ల నొప్పి ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి నొప్పి మాత్రలు మింగుతారు. వాటివల్ల జీర్ణాశయంలోనో పేగుల్లోనో సన్నగా రక్తం కారుతుంది. కడుపు మంట రాకుండా ఆమ్లం తగ్గించే మాత్ర ఇస్తారు, ఆమ్లం తగ్గితే ఇనుము సరిగా కరగదు. రెండు వైపులా దెబ్బ. పెద్దపేగు క్యాన్సర్, గోధుమ పడని సీలియాక్ జబ్బు, జీర్ణాశయంలో హెలికోబాక్టర్ అనే బాక్టీరియా, కడుపు పొర ఎండిపోయే ఆటోఇమ్యూన్ గాస్ట్రైటిస్, ఇవన్నీ ముందు వెతకాలి. మాత్రలు నిజంగా వేసుకుంటున్నారా అన్నది కూడా. మలం నల్లబడిందా అని అడిగితే చాలు, తెలిసిపోతుంది. ఐరిడాకు ముఖ్యమైన ఆనవాలు పాత రిపోర్టులు. ముప్పై ఏళ్ల వయసులో, కాన్పుల సమయంలో, బడి వయసులో చేసిన పరీక్షల్లో కూడా కణాలు చిన్నగానే ఉంటే అప్పుడు జన్యువు గురించి ఆలోచించండి. నిరుడు 88 ఉన్న ఎంసీవీ ఈ ఏడాది 70కి దిగితే ఎక్కడో రక్తం పోతోందని అర్థం, అక్కడ జన్యు పరీక్షకు రాయడం ప్రమాదకరమైన ఆలస్యం. నెలసరి ఎక్కువగా ఉండటం, పళ్లు తీయించినప్పుడు రక్తం ఆగకపోవడం లాంటి చరిత్ర ఉంటే రక్తం సరిగా గడ్డకట్టని వాన్ విల్‌బ్రాండ్ జబ్బు కోసం చూడాలి. అది కూడా పుట్టుకతో వచ్చేదే, ఇనుమునూ తగ్గిస్తుంది, ఆపరేషన్ టేబుల్ మీద ఐరిడా కంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

ఇక ఆపరేషన్. కీలు మార్పిడిలో పోయే రక్తాన్ని సక్షన్ సీసాలో, దూది గుడ్డల్లో కొలుస్తాం. అది కనిపించే భాగం. తొడ ఎముక మూలుగ కాలువ తెరుస్తాం, ఎముక ముక్కలు కోస్తాం, పచ్చి ఎముక ముఖాలు మిగులుతాయి. రక్తం రాకుండా తొడకు బిగించిన పట్టీ, అదే టోర్నికే, విప్పగానే గడ్డలను కరిగించే ప్రక్రియ జోరందుకుంటుంది. కుట్లు వేశాక తొడ కండరాల్లోకి, కీలు సంచిలోకి ఇంకిపోయే రక్తం ఏ సీసాలోనూ కనబడదు. మోకాలి విషయంలో మొత్తం నష్టంలో సగం వరకూ ఇలా దాగి ఉండవచ్చు. అందుకే సీసా కంటే లెక్కే నమ్మదగ్గది.

లెక్క చేసి చూద్దాం. ఎత్తు 1.55 మీటర్లు, బరువు 65 కిలోలు ఉన్న మహిళ. నాడ్లర్ సూత్రం ప్రకారం స్త్రీలకు ఎత్తు ఘనాన్ని 0.3561తో, బరువును 0.03308తో గుణించి కూడి, దానికి 0.1833 కలపాలి. 1.33, 2.15, 0.18 కలిపితే సుమారు 3.66 లీటర్ల రక్తం. ఆపరేషన్ ముందు హెమోగ్లోబిన్ 12.5, మూడో రోజు 9.5 అనుకోండి. తేడా 3, సగటు 11. 3.66ను 3తో గుణించి 11తో భాగిస్తే సుమారు ఒక లీటరు. ఇంత పోయింది ఆమెకు, సీసాలో 300 మిల్లీలీటర్లు కనబడి ఉండవచ్చు.

ఇప్పుడు దీన్ని ఇనుములోకి మార్చండి. డెసిలీటరుకు 3 గ్రాముల తగ్గుదల, 36.6 డెసిలీటర్లు, అంటే 110 గ్రాముల హెమోగ్లోబిన్. గ్రాముకు 3.4 మిల్లీగ్రాముల చొప్పున సుమారు 373 మిల్లీగ్రాముల ఇనుము. పాత హెమోగ్లోబిన్‌కు తిరిగి చేరాలంటే ఇంత కావాలి. ఫెర్రిటిన్‌లో ఒక్కో మైక్రోగ్రాముకు నిల్వ సుమారు 8 మిల్లీగ్రాములు. ఫెర్రిటిన్ 30 అంటే నిల్వ 240, లెక్కకు చాలదు. 100 అంటే 800, హాయిగా సరిపోతుంది. ఆపరేషన్ ముందు ఇనుము గురించి 2017లో వచ్చిన అంతర్జాతీయ ఏకాభిప్రాయ ప్రకటన, హెమోగ్లోబిన్ 3 గ్రాములకు మించి తగ్గుతుందనుకునే చోట ఫెర్రిటిన్ 100 కంటే తక్కువ ఉంటే నిల్వలు చాలవని చెప్పడానికి ఆధారం ఈ కూడికలే. ల్యాబు హద్దు 15 అయినా 30 అయినా మన పనికి ఆ హద్దు పనికిరాదు. తిండి నుంచి వచ్చే రోజు 2 మిల్లీగ్రాముల మీదే ఆధారపడితే 373 పూడటానికి ఆరు నెలలు, అదీ రోజువారీ నష్టాన్ని లెక్కలోకి తీసుకోకుండా.

అదే ప్రకటన రక్తహీనతకు హద్దును స్త్రీ పురుషులిద్దరికీ 13 గానే పెట్టింది. స్త్రీలకు 12 అని చదువుకున్నవాళ్లకు ఇది వింతగా తోచవచ్చు. ఆలోచించండి, మోకాలి ఎముక కోసినప్పుడు ఇద్దరికీ పోయే రక్తం ఇంచుమించు ఒకటే. స్త్రీకి మొత్తం రక్తమే తక్కువ. 12తో మొదలుపెట్టిన ఆమె, 13తో మొదలుపెట్టిన అతనికంటే త్వరగా రక్తం ఎక్కించాల్సిన స్థితికి చేరుతుంది. అలాంటప్పుడు ఆమెకు తక్కువ హద్దు పెట్టడం న్యాయమా?

ఇప్పుడు మొదట్లో అన్న మాటకు వస్తాను. కోత పెట్టిన కొన్ని గంటల్లోనే ఐఎల్-6 ఎగబాకుతుంది. వెంటనే హెప్సిడిన్. ఒక్క రోజులో రక్తంలోని ఇనుము పడిపోతుంది. సీఆర్‌పీ రెండో మూడో రోజు శిఖరానికి చేరి, మెల్లగా కొన్ని వారాల్లో దిగుతుంది. ఈ కాలంలో తలుపు మూసి ఉంటుంది. నిల్వ ఉన్నా బయటికి రాదు, మాత్ర మింగినా లోపలికి పోదు. అచ్చం ఐరిడా. ఒక్క తేడా, ఇక్కడ తాళం కొన్ని వారాలకు తీస్తారు, అక్కడ జీవితమంతా వేసే ఉంటుంది. డిశ్చార్జి కాగితంలో అలవాటుగా రాసే ఇనుము మాత్రల సంగతి ఇదీ. కీలు మార్పిడి తర్వాత ఇనుము మాత్రలను ఉత్తుత్తి మాత్రలతో పోల్చి చూసినప్పుడు హెమోగ్లోబిన్ కోలుకోవడంలో తేడా కనబడలేదు. పైగా నొప్పికి ఇచ్చే ఓపియాయిడ్ మందుల వల్ల ఎలాగూ బిగుసుకున్న పేగుకు ఇంకాస్త మలబద్ధకం. ఆ వారాల్లో ఫెర్రిటిన్ పరీక్ష కూడా వద్దు, వాపుతో అది దానంతటదే పెరిగి "అంతా బాగుంది" అని అబద్ధం చెబుతుంది. ఇంకో పొరపాటు, మర్నాటి హెమోగ్లోబిన్ చూసి ఊపిరి పీల్చుకోవడం. రక్తం పలచబడటం, లోపల కారడం పూర్తయ్యేసరికి కనిష్ఠం రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య వస్తుంది.

కాబట్టి పని అంతా ముందే జరగాలి. ఆపరేషన్ నిర్ణయించిన రోజే, అంటే ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే, రక్తకణాల లెక్క చూపే సీబీసీ, ఫెర్రిటిన్, శాచ్యురేషన్, సీఆర్‌పీ, కిడ్నీల కోసం క్రియాటినిన్, బీ12. మత్తు డాక్టరు చూసే రోజున, నాలుగు రోజుల ముందు, ఇవి చేయిస్తే రక్తం సిద్ధం చేయడం తప్ప ఇంకేమీ మిగలదు.

సమయం ఉంటే మాత్రలతో మొదలుపెట్టవచ్చు. ఫెర్రస్ సల్ఫేట్ ఎండు రకం 200 మిల్లీగ్రాముల మాత్రలో అసలు ఇనుము 65. ఫెర్రస్ గ్లూకోనేట్ 300లో 35 మాత్రమే, ఈ తేడా చూసుకోండి. రోజుకు మూడు మాత్రలు రాసే పాత అలవాటు మానేయాలి. 60 మిల్లీగ్రాములు దాటిన ఒక్క మోతాదే హెప్సిడిన్‌ను దాదాపు 24 గంటలు పెంచి ఉంచుతుందని, సాయంత్రం వేసిన రెండో మాత్ర అందుకే వృథా అని 2015లో జూరిచ్ పరిశోధకులు చూపించారు. రోజు విడిచి రోజు, పొద్దున ఒక్కసారి ఇస్తే మాత్రకు మాత్ర ఎక్కువ ఇనుము ఒంటపడుతుందని 2017లో అదే బృందం చూపింది. నాలుగు వారాలకు హెమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగకపోతే మాత్రలతో ఇక కాలయాపన వద్దు.

అప్పుడు రక్తనాళం ద్వారా. ఎంత అన్నదానికి గాన్జోనీ సూత్రం పాతదే అయినా పనికొస్తుంది. బరువును హెమోగ్లోబిన్ తేడాతో, 2.4తో గుణించి, నిల్వ కోసం 500 కలపాలి. 60 కిలోల మనిషికి 9 నుంచి 13కు తేవాలంటే 576, దానికి 500, మొత్తం 1076 మిల్లీగ్రాములు. ఐరన్ సుక్రోజ్ అయితే ఒక్కోసారి 200 మాత్రమే, కాబట్టి ఐదారు సార్లు రావాలి. కార్బాక్సీమాల్టోజ్ ఒకేసారి 1000 వరకు, పదిహేను నిమిషాల్లో. ఎక్కించాక అరగంట పక్కనే కూర్చోబెట్టి చూడాలి. మొదటి నిమిషాల్లో ముఖం ఎర్రబడి, ఛాతీ పట్టేసి, నడుము లాగి, రక్తపోటు మాత్రం పడకపోతే భయపడనక్కర్లేదు. ఆపండి, తగ్గాక నిదానంగా మొదలుపెట్టండి. మగతనిచ్చే అలర్జీ ఇంజెక్షన్ ఇచ్చి రక్తపోటు పడేసి, దాన్ని చూసి ప్రాణాంతక అలర్జీ అని రాయడం ఇక్కడ తరచుగా జరిగే తప్పు. అసలు అలర్జీ అయితే సంగతి వేరు, అడ్రినలిన్ ఆలస్యం కాకూడదు. సూది నరం దాటి మందు చర్మంలోకి పోతే గోధుమరంగు మచ్చ నెలల తరబడి, కొన్నిసార్లు శాశ్వతంగా ఉండిపోతుంది.

ఎముకల డాక్టర్లకు ప్రత్యేకంగా ఒక మాట. కార్బాక్సీమాల్టోజ్ ఎఫ్‌జీఎఫ్23 అనే హార్మోనును పెంచి మూత్రంలోకి ఫాస్ఫేట్ పోయేలా చేస్తుంది. 2020లో వెలువడిన రెండు జంట పరిశోధనల్లో దీన్ని ఎక్కించినవాళ్లలో 75.0, 73.7 శాతం మందికి రక్తంలో ఫాస్ఫేట్ డెసిలీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే తగ్గింది. డెరిసోమాల్టోజ్ అనే ఇంకో రకం ఇనుము తీసుకున్నవాళ్లలో 7.9, 8.1 శాతం మందికే. చాలామందికి అది దానంతటదే సర్దుకుంటుంది. కానీ పదేపదే ఎక్కించుకునే రోగికి ఎముక మెత్తబడటం దాకా పోవచ్చు. మోకాలు మార్చాక తొడ బలహీనంగా ఉంది, ఎముకలు నొప్పులంటున్నారు, ఫిజియోథెరపీ ముందుకు కదలడం లేదు అంటే ఒకసారి ఫాస్ఫేట్ చూడండి. దీన్ని రోగి బద్ధకంగా జమకట్టేయడం అన్యాయం.

ఇనుము ఎక్కిస్తే చాలు రక్తం అక్కర్లేదు అని కూడా అనుకోవద్దు. 2020లో వచ్చిన ప్రివెంట్ పరిశోధనలో పెద్ద కడుపు ఆపరేషన్ల ముందు 487 మందికి రక్తనాళం ద్వారా ఇనుము లేదా ఉత్తుత్తి మందు ఇచ్చారు. రక్తం ఎక్కించడంలోగానీ మరణాల్లోగానీ తేడా రాలేదు. అవి కడుపు ఆపరేషన్లు, ఇనుము ఇచ్చింది 10 నుంచి 42 రోజుల ముందు, రక్తహీనత ఉంటే చాలు చేర్చుకున్నారు, అందరికీ ఇనుము లోపమే కారణం కావాలన్న నియమం లేదు. అందుకే దాన్ని యథాతథంగా మోకాలికి తగిలించలేం. నా అభిప్రాయంలో అది నేర్పేది ఒకటే, ఇనుము లోపం రుజువైనవాళ్లకు, తగినంత ముందుగా ఇవ్వాలి. అందరికీ చల్లడం పరిష్కారం కాదు.

రక్తం కాపాడటంలో అన్నిటికంటే చవకైన ఆయుధం ట్రానెక్సామిక్ ఆమ్లం. చార్న్లీ అనే సర్జన్ ఇంగ్లండులో తుంటికి పాలిథిలీన్ గిన్నె అమర్చిన 1962లోనే జపాన్‌లో ఒకమోటో దంపతులు ఈ మందును ప్రచురించారు. ఈ రెండూ ఒకే ఆపరేషన్ బల్ల మీద మామూలుగా కలుసుకోవడానికి దశాబ్దాలు పట్టడం విచిత్రమే. కోతకు ముందు రక్తనాళంలో ఒక గ్రాము, లేదా కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. గడ్డను కరిగించే ప్లాస్మినోజెన్, గడ్డలోని దారాలైన ఫైబ్రిన్‌ను పట్టుకోకుండా అడ్డుపడి గడ్డను కరగనివ్వదు. రక్తనాళంలో ఇవ్వడానికి వెనకాడే చోట కీలు లోపలే పోస్తారు. కిడ్నీ పనితీరు తగ్గితే మోతాదు తగ్గించాలి.

సరే, మన 62 ఏళ్ల ఆమెకు నిజంగానే ఐరిడా అని జన్యు పరీక్షలో తేలిందనుకుందాం. ఆమెకు ఏం మారుతుంది? ఇంత అరుదైన జబ్బులో రెండు గుంపులు చేసి పరిశోధించడం సాధ్యం కాదు. జబ్బు పనిచేసే తీరును బట్టి నడుచుకోవాలి. రక్తనాళంలో ఎక్కించిన ఇనుము కూడా ముందు మాక్రోఫేజ్‌లోకే పోతుంది, అక్కడి తలుపు కూడా మూసే ఉంది. అందుకే హెమోగ్లోబిన్ పెరుగుతుంది కానీ నెమ్మదిగా, అరకొరగా. ఆరు వారాలు చాలవు, మూడు నెలల ముందు మొదలుపెట్టడం మేలు. 1000 ఒకేసారి పోయడం కంటే 200 చొప్పున విడతలుగా ఇవ్వడం నయం. 13 చేరాలని పట్టుబట్టకండి. ఆమె జీవితంలో మంచి రోజుల్లో ఎంత ఉండేదో అదే లక్ష్యం. 10.5తో ఆమె ఒళ్లు ఎప్పుడో సర్దుకుని ఉండవచ్చు. ఫెర్రిటిన్ 500 దాటనివ్వకూడదని ఈ రకం రక్తహీనతల మీద 2014లో వచ్చిన మార్గదర్శకాలు సూచించాయి. హెమోగ్లోబిన్ పెరగలేదు కదా అని ఇంకా ఇంకా పోస్తే ఇనుము పేరుకుని కాలేయానికి చేటు. గాన్జోనీ సూత్రం ఇక్కడ దారి తప్పిస్తుంది, ఎక్కించిందంతా మూలుగకు చేరుతుందని అది అనుకుంటుంది.

రెండు మోకాళ్లూ ఒకే రోజు మార్చే ఆలోచన ఆమెకు వద్దు. మామూలు మనిషి నిల్వల నుంచి పూడ్చుకునే నష్టాన్ని ఆమె పూడ్చుకోలేదు. ట్రానెక్సామిక్ తప్పనిసరి. రోజూ రక్తం తీసి పరీక్షలు చేసే అలవాటుకు కళ్లెం వేయండి, తీయాల్సి వస్తే పిల్లల చిన్న ట్యూబుల్లో. రక్తం ఎక్కించాల్సి వస్తే ఒక్కో యూనిట్, ఆ తర్వాత మళ్లీ చూసి రెండోది. ఎక్కడ ఎక్కించాలన్నదానికి 2011లో వెలువడిన ఫోకస్ పరిశోధన ఉంది. తుంటి విరిగి ఆపరేషన్ అయిన 2016 మందిలో 10 దగ్గర ఎక్కించినవాళ్లకూ, 8 దాకా ఆగినవాళ్లకూ ఫలితాల్లో తేడా లేదు, అదీ గుండెజబ్బో, దాని ముప్పో ఉన్నవాళ్లలో. ఒక్కో యూనిట్‌తో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము కూడా లోపలికి పోతుంది. ఆ కణాలు ముసలివై మింగబడ్డాక ఆ ఇనుమూ మాక్రోఫేజ్‌లోనే ఇరుక్కుంటుంది. మూలుగతో ఎర్రకణాలు చేయించే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ ఆలోచన వస్తే, కీలు మార్పిడిలో కాలి సిరల్లో గడ్డల ప్రమాదం ముందే ఉందని, ఈ మందు దాన్ని పెంచుతుందని మర్చిపోకుండా రక్త నిపుణుడితో మాట్లాడాకే.

ఇదే జబ్బు ఇప్పుడు మందుల తయారీకి దారి చూపుతోంది. టీఎంపీఆర్‌ఎస్‌ఎస్6 చెడితే హెప్సిడిన్ పెరుగుతుందని తెలిసింది కాబట్టి, ఇనుము ఎక్కువై బాధపడేవాళ్లలో, లేదా ఇనుము అందకుండా చేసి ఎర్రకణాలను అదుపు చేయాల్సినవాళ్లలో, కావాలని ఆ జన్యువు గొంతు నొక్కే మందులు పరీక్షలో ఉన్నాయి. బీటా థలసీమియా, ఎర్రకణాలు విపరీతంగా పెరిగే పాలీసైథీమియా వీరా లాంటి జబ్బుల్లో. ఒకరి లోపం ఇంకొకరికి మందు.

ఇక మీ ప్రశ్నలు.

ప్రశ్న: ట్రానెక్సామిక్ ఇస్తే గుండెలో, కాళ్లలో గడ్డలు కట్టవా?

కీలు మార్పిడి రోగుల పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు గడ్డలు పెరిగినట్టు కనబడలేదు. ఇటీవలే గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్ల విషయంలో ఆలోచించి నిర్ణయించాలి. నన్ను అంతకంటే ఎక్కువ భయపెట్టేది ఇంకోటి. ఈ మందు ఆంపుల్, వెన్నులో ఇచ్చే మత్తుమందు ఆంపుల్ కొన్నిచోట్ల ఒకేలా ఉంటాయి. పొరపాటున ట్రానెక్సామిక్ వెన్నులోకి పోతే తీవ్రమైన ఫిట్స్, గుండె లయ తప్పడం, ప్రాణాలు పోవడం జరిగిన దాఖలాలు ఎన్నో ఉన్నాయి. రెండింటినీ ఒకే ట్రేలో పెట్టకండి. వెన్ను మత్తు పూర్తయ్యాకే ట్రానెక్సామిక్ ఆంపుల్‌ను గదిలోకి తెచ్చే పద్ధతి పెట్టుకోండి.

ప్రశ్న: ఐరిడా తేలిన మనిషి ఇంట్లో అందరికీ జన్యు పరీక్ష చేయించాలా?

అక్కర్లేదు. తల్లిదండ్రులిద్దరూ ఒక్కో చెడు ప్రతి మోస్తున్నప్పుడు ఒక్కో తోబుట్టువుకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ముందు అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు సీబీసీ, ఫెర్రిటిన్, శాచ్యురేషన్ చేయించండి. ఎంసీవీ మామూలుగా ఉంటే అక్కడితో ఆపేయవచ్చు. చిన్న కణాలూ, 10 శాతం లోపు శాచ్యురేషనూ కలిసి కనిపించినవాళ్లకే జన్యు పరీక్ష. పిల్లలకు ఒక్క చెడు ప్రతి తప్పకుండా వస్తుంది. దానివల్ల సాధారణంగా జబ్బు రాదు, మహా అయితే కాన్పులప్పుడో నెలసరి ఎక్కువైనప్పుడో ఇనుము కొంచెం తొందరగా తగ్గవచ్చు. ఆ సమయాల్లో ఒక సీబీసీ చేయించుకోమని చెబితే సరిపోతుంది.